లేని పదహారు పేజీలు

"తలుపేసెయ్ గురూ. సంతకం పడేదాకా ఈ గదిలోంచి ఎవరూ కదలడానికి లేదు," అన్నాడు బాసు నవ్వుతూ.

అతను సరదాకే అన్నాడు. స్క్రిప్టు రచయితకు మాత్రం ఆ గొళ్లెం తన మెడకే పడినట్టనిపించింది.

గోడకున్న పెద్ద తెర ముందు పెద్దావిడ కూర్చుని ఉంది. యాభై ఏళ్ల కిందట ఇంటింటా చదివిన డిటెక్టివ్ నవల ఒకటుంది. దాన్ని రాసినాయనకు ఈవిడ ఒక్కగానొక్క కూతురు. ఆ నవలను వీడియో గేమ్‌గా మార్చుకోవడానికి ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: ఆట మొదటినుంచి చివరిదాకా చూశాకే సంతకం. సంతకం పడకపోతే రెండేళ్ల పని బుట్టదాఖలు, పదకొండు మంది ఇంటిదారి.

"నవల్లో అక్షరం పొల్లుపోదమ్మా," అని బాసు ఆవిడకు ముందే మాటిచ్చేశాడు.

పోయింది అక్షరం కాదు, ఆఖరి అధ్యాయం మొత్తం. ఆ సంగతి తెలిసినవాడు స్క్రిప్టు రచయిత ఒక్కడే. ఎక్కడా దొరకని ఆ నవల అతనికి పాత పుస్తకాల బండి మీద దొరికింది. కుట్టు తెగి చివరి ఫారం, అంటే పదహారు పేజీలు, ఊడిపోయి ఉంది. ఇంకో కాపీ కోసం కాళ్లరిగేలా తిరిగాడు. చివరికి పెద్దావిడకే ఫోన్ చేస్తే, "మా ఇంట్లో ఒక్కటీ లేదు బాబూ" అంది. గడువు ముంచుకొచ్చింది. హంతకుడెవరో తనే తేల్చేసి, ముగింపు రాసేసి, నోరు కుట్టుకున్నాడు. ఇప్పుడు తేలు కుట్టిన దొంగలా ఆవిడ పక్కనే కూర్చుని, ఆవిడ చెప్పినట్టల్లా మీటలు నొక్కుతున్నాడు.

"అంత పరుగెందుకు? మా డిటెక్టివ్‌కి మోకాళ్ల నొప్పులు. ముప్పై ఏళ్లు పోస్టాఫీసు కిటికీ దగ్గర నిలబడ్డ మనిషి. మెల్లగా నడిపించు."

"అలాగేనమ్మా."

కథ ఒక మేడ ఇంట్లో నడుస్తుంది. ఇంటి యజమాని మంచంలోనే హత్యకు గురయ్యాడు. అతని చిన్నకోడల్ని మేడమీది గదిలో పెట్టి, బయట గొళ్లెం వేసి ఉంచేవారు. హత్య జరిగిన పొద్దున ఆ గొళ్లెం తీసి ఉంది. ఆధారాలన్నీ ఆ పిల్ల వైపే వేలు చూపిస్తాయి.

డిటెక్టివ్ ఆయాసపడుతూ మేడ గదిలోకి చేరాడు.

"కిటికీ ఇంత పెద్దదేమిటి?" అంది పెద్దావిడ. "తల పట్టినా భుజాలు పట్టకూడదు."

రచయిత కాగితాలు తిరగేశాడు. "పుస్తకంలో కిటికీ కొలత లేదమ్మా."

"లేదు. రాయాల్సింది."

బాసు గబగబా రాసుకున్నాడు. "చూశావా గురూ, రక్తంలో ఉండాలి! నాన్నగారు ఏ వేళప్పుడు రాసేవారమ్మా?"

"మధ్యాహ్నాలు. నాన్న గురక మొదలైతేగానీ మా ఇల్లు సద్దుమణిగేది కాదు."

"గురకలో కూడా కథలల్లేవారన్నమాట!"

పెద్దావిడ కూడా నవ్వింది.

భోజనాలు గదిలోకే వచ్చాయి. ఫోన్ వంకతో రచయిత ఒకసారి లేవబోతే, బాసు భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు. ఒక్కో అధ్యాయం అవుతున్నకొద్దీ అతని వేళ్లు మీటల మీద జారుతున్నాయి. పెద్దావిడ అది చూసి, తన గ్లాసు అతని వైపు జరిపింది.

"నీళ్లు తాగు బాబూ. చంపింది నువ్వు కాదుగా."

అతనికి పొలమారింది.

నాలుగింటికి ఆఖరి అధ్యాయం వచ్చింది. డిటెక్టివ్ యజమాని పెద్దకొడుకు గుట్టు బయటపెట్టి, పోలీసులకు అప్పగించాడు. తర్వాత ఒక్కొక్క మెట్టే ఎక్కి, మేడమీది గది ముందు ఆగాడు. గొళ్లెం తీశాడు. "వెళ్లమ్మా," అన్నాడు. ఆ పిల్ల మెట్లు దిగి, గేటు దాటి, వెనక్కి చూడకుండా వీధి మలుపు తిరిగిపోయింది.



"ఆ తలుపు మళ్లీ తియ్యి," అంది పెద్దావిడ.

అతను తీశాడు.

"ఏ మీట నొక్కాలి? ఈసారి నేను తీస్తాను."

ఆవిడ తీసింది. ఇంకోసారి కూడా తీసింది. తర్వాత ఒప్పందం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టింది. బాసు ఎగిరి గంతేసినంత పనిచేసి, మిగతావాళ్లకు చెప్పడానికి బయటికి పరిగెత్తాడు.

తలుపు బార్లా తెరిచి ఉంది. రచయిత లేవకుండా ఆవిడ వైపు తిరిగాడు.

"అమ్మా, ఆ కాగితం చించెయ్యండి," అన్నాడు. "చివరి అధ్యాయం మీ నాన్నగారిది కాదు. నా కాపీలో ఆ పేజీలు లేవు. నేనే కల్పించాను."

"తెలుసు."

"తెలుసా!"

"నువ్వు పెద్దకొడుకుని పట్టించినప్పుడే తెలిసింది. పుస్తకంలో ఆ పిల్లే హంతకురాలు. ఆ గదిలోంచి తిన్నగా ఉరికంబానికే పోయింది."

"ఇంకో కాపీ కోసం నాలుగు నెలలు చూశానమ్మా. ముందు పేజీలన్నీ చదివాక ఆ అమ్మాయి మీద నేరం మోపడానికి నాకు చెయ్యి రాలేదు. మొత్తం తలకిందులు చేశానన్నమాట. తెలిసి తెలిసీ సంతకం ఎలా పెట్టారు?"

పెద్దావిడ కళ్లజోడు తీసి చెంగుతో తుడుచుకుంది.

"ఆ పుస్తకంలో మా నాన్న రాసింది చివరి అధ్యాయం ఒక్కటే బాబూ."