బకెట్లమ్మ చిక్కుడు

ఉతికి ఆరేసిన చీర మీద మేడ పైనుంచి మట్టినీళ్ళు కారాయి.

ఇంటావిడ తలెత్తి చూసింది. ఇంకెవరు, బకెట్లమ్మ.

పైగదిలో అద్దెకుండే పెద్దావిడకి ఆ పేరు పెట్టింది ఇంటావిడే. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి. పగిలిన బకెట్లన్నీ పోగేసి మేడ మీద చిక్కుడు పాదులు పెట్టింది. పొద్దస్తమానం వాటి ముందే కూర్చుని ఆకులు తిరగేసి చూసుకునేది.

"చిక్కుళ్ళు బజార్లో దొరకవా ఏం, పెద్దమ్మా?"

"దొరుకుతాయమ్మా. ఇవి దొరకవు."

పెద్దావిడ నవ్వింది. ఇంటావిడకి నవ్వే ఓపిక లేదు. మొగుడు ఊరి చివర పొలంలో చిక్కుడు వేస్తే, వరసగా రెండేళ్ళు ఎండుతెగులు ఊడ్చేసింది. ఈ ఏడు కూడా పోతే పొలం అమ్ముకోవడమే. సాయంత్రం కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ అతను రోజూ అదే మాట అనేవాడు.

అలాంటివాడు, పెద్దావిడ అడిగిందని తన పొలం మట్టి రెండు బస్తాలు మోసుకొచ్చి మేడెక్కించాడు.

"మనకే దిక్కు లేదు. నీకెందుకయ్యా ఊళ్ళోవాళ్ళ బరువులు?"

"పోనీలే, పెద్దావిడ. మట్టేగా అడిగింది."

ఆ తర్వాత అతను మేడెక్కలేదు. చిక్కుడాకు కనిపిస్తే కడుపు మండేది.

ఒకరోజు పొద్దున్నే పెద్దావిడ మెట్ల మీద కుప్పకూలింది. ఆస్పత్రి బండి ఎక్కిస్తుంటే నోట మాట రాలేదు. చెయ్యెత్తి మేడ వైపు చూపించింది.

"నీ పాదులేగా? నేను చూసుకుంటాలే పెద్దమ్మా."

ఇంటావిడ పైకెళ్ళి చూసింది. కాయలన్నీ పండి ఎండిపోతున్నాయి. పాపం, తినడానికి పెంచుకున్నవి తినకుండానే పోతాయేమోననిపించింది. అన్నీ కోసింది. కూర్చుని వలిచింది. నానబెట్టి, ఒళ్ళు వంచి వండి, గిన్నె పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళింది.

"తిను పెద్దమ్మా. నీ చిక్కుళ్ళే. ఒక్క గింజ కూడా పారేయలేదు."

పెద్దావిడ చేతిలో ముద్ద ఆగిపోయింది.

"అన్నీ వండేశావా?"

"అన్నీ."

ఆవిడ చాలాసేపు గిన్నెలోకి చూసింది. తర్వాత నెమ్మదిగా తినడం మొదలుపెట్టింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"కారమెక్కువైందా?"

"లేదమ్మా, బాగుంది. మీ ఆయనక్కూడా పెట్టావా?"

"పెట్టాను. మెచ్చుకున్నాడు."

పెద్దావిడ గిన్నె ఖాళీ చేసింది. ఆ వారంలోనే పోయింది.

గది ఖాళీ చేస్తుంటే విత్తన కేంద్రం నుంచి ఒకాయన వచ్చాడు.

"చిక్కుడు గింజల కోసమమ్మా. పాత రకం. మేం దాచినవి పాతబడి మొలకెత్తడం మానేశాయి. అందుకే మిగిలిన మంచి గింజలు ఆసక్తి ఉన్నవాళ్ళకి తలా కాసిని పంచాం, పెంచి గింజ తిరిగివ్వమని. తతిమ్మావాళ్ళు మోజు తీరాక వదిలేశారు. ఈవిడ ఒక్కతే వదల్లేదు."

ఇంటావిడ అతన్ని ఇంటి వెనక్కి తీసుకెళ్ళింది. పెరట్లో ఉన్న తొక్కల కుప్ప చూపించింది.

ఇద్దరూ కూర్చుని వేళ్ళతో వెతికారు. ఇంటావిడ ఏ పని చేసినా శుభ్రంగా చేస్తుంది. ఒక్క గింజ లేదు.

అప్పుడే మొగుడు పొలం నుంచి వచ్చాడు. చేతిలో వాడిపోయిన చిక్కుడు తీగ ఉంది.

"అయిపోయింది. ఇంక అమ్ముకోవడమే," అని మెట్టు మీద కూలబడ్డాడు.

వచ్చినాయన ఆ తీగ అందుకుని వేరు చీల్చి చూశాడు. మొహం పాలిపోయింది.

"ఇదే తెగులు. ఇది పట్టిన మట్టిలోనే పెంచుతున్నాననీ, ఒక్క ఆకు కూడా వాడిపోలేదనీ ఆవిడ పోయిన నెల ఫోన్ చేసి చెప్పింది."

ఇంటావిడ మళ్ళీ తొక్కల కుప్పలో వేళ్ళు పెట్టి వెతకసాగింది.

"మొదటి గింజలు, ఆ మట్టి మోసుకొచ్చిచ్చిన అబ్బాయికే ఇవ్వాలంది. అతనెవరో మీకేమైనా తెలుసా అమ్మా?"