నోరు మంచి కారు

"ఈ కారుకి నోరు మంచిది కాదండీ," అంది టీచరమ్మ, తాళంచెవి ఇంజినీరు బల్ల మీద పడేస్తూ. "పొద్దున్నే బడికి బయల్దేరబోతే 'ఖాళీ, ఖాళీ' అని మొహాన కొట్టినట్టు చెబుతుంది. వినగానే ఉసూరుమంటుంది ప్రాణం."

అలాంటి ఫిర్యాదు అది మొదటిది కాదు.

విద్యుత్ సంస్థ ప్రయోగం కింద ఊళ్ళో కొందరికి కరెంటు కార్లు ఇచ్చింది. మధ్యాహ్నం కరెంటు మిగిలినప్పుడు గ్రిడ్డు వాటికి ఎక్కిస్తుంది. సాయంత్రం ఇళ్ళల్లో లైట్లు వెలిగే వేళకి వాటిలోంచే కాస్త వెనక్కి తీసుకుంటుంది. లెక్కలన్నీ గ్రిడ్డువే. యజమానితో నాలుగు ముక్కలు మాట్లాడటం ఒక్కటే కారు పని. అదే దానికి చేతకావడం లేదు.

ఇంజినీరు ఇంటికెళ్ళి అత్తగారి ముందు ఫోను పెట్టాడు. ఆవిడ గొంతు వింటే ఏడ్చే పిల్లలు ఊరుకుంటారు.

"రెండే మాటలు అత్తయ్యా. బ్యాటరీ ఎక్కితే ఒకటి, దిగితే ఒకటి."

అతను రాసిచ్చినవి చూసి ఆవిడ మూతి తిప్పారు. "ఎండుపుల్లల్లా ఉన్నాయి అల్లుడూ! నాకొచ్చినట్టు చెబుతాలే, నువ్వెళ్ళి మొహం కడుక్కో."

అతను తిరిగొచ్చి మొదటిది విన్నాడు. 'కడుపు నిండింది నాయనా, ఇక పద!' పకపకా నవ్వాడు. రెండోది వినబోతుంటే ఆఫీసు నుంచి ఫోను. మాటలు రెండూ ఉన్నవి ఉన్నట్టు కార్లకి పంపించేశాడు.

ఊరు మురిసిపోయింది. టీచరమ్మ పనిలేకపోయినా తాళం తిప్పి వినేది. ఇంజినీరుకే ఆ భాగ్యం లేదు. అతనిది పెట్రోలు స్కూటరు.

ఆ తర్వాత కార్లు ఆగిపోవడం మొదలైంది. ఒకటి కూరగాయల బజారులో, ఒకటి రైలు గేటు ముందు. టీచరమ్మది బడి గేటుకి అడ్డంగా ఆగింది. పిల్లలు గోడ దూకి లోపలికెళ్ళారు.

"నిండా ఉందని అదే చెప్పిందండీ!" అందరిదీ ఒకటే మాట.

"ఎదురుగా తెర మీద అంకె కనబడుతుంది కదమ్మా?"

"అంత ప్రేమగా చెబుతుంటే అంకె ఎవరు చూస్తారండీ?"

ఇంజినీరుకి అనుమానం గ్రిడ్డు మీదే. నిండిన బ్యాటరీని దారిలో పీల్చేస్తోందా? తీగ లేకుండా ఎలా పీలుస్తుంది? ఛార్జింగ్ పెట్టెలన్నీ విప్పాడు. బిగించాడు. మళ్ళీ విప్పాడు. తిండి సహించడం మానేసింది.

"నిన్ను కూడా పీల్చేస్తున్నాయి అల్లుడూ ఆ కార్లు," అన్నారు అత్తగారు, కంచంలో ఇంకాస్త వడ్డిస్తూ.

కబురు పైకి వెళ్ళింది. పెద్దసారు దిగారు.

"తెలివైన గ్రిడ్డన్నావు. తెలివైన దొంగలా ఉందేమిటయ్యా ఇది?"

"ఒక్క అవకాశం ఇవ్వండి సార్."

"సరే. రేపు పొద్దున అతిథి గృహం నుంచి ఆఫీసు దాకా నేనే నడుపుతా. సాఫీగా చేరానా, ప్రాంతమంతా ఇవే కార్లు పెడదాం. మధ్యలో ఆగిందా, కార్లు షెడ్డుకి, నువ్వు ఇంటికి."

పొద్దున్నే ఇంజినీరు స్కూటరు మీద ఆదరాబాదరా చేరుకునేసరికే పెద్దసారు కారు గేటు దాటుతోంది. అద్దం దించి, నవ్వుతూ బొటనవేలు చూపించారు. ఇంజినీరు ఊపిరి పీల్చుకుని వెనకే బయల్దేరాడు.

వంతెన నడిమధ్యకొచ్చి కారు ఆగిపోయింది.

వెనక హారన్లు. బస్సులోంచి తలలు. పెద్దసారు మొహం కందగడ్డలా చేసుకుని దిగారు.

"నా చెవులతో విన్నానయ్యా! బయల్దేరేముందు ఎంత చక్కగా చెప్పింది! ఇది కారా, కోర్టులో దొంగసాక్షా?"

ఇంజినీరు కారు దగ్గరికి నడిచాడు. ఆ అబద్ధమేదో తనూ ఒకసారి విని చద్దామని, కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాడు.

వంటింట్లో పంచదార డబ్బా మూత తీసి, అడుగు కనబడినప్పుడల్లా పలికే ఆ తియ్యటి గొంతుతోనే, కారులోంచి అత్తగారు అన్నారు: "నిండుకుంది నాయనా!"