రుద్రసేనుడి ఊపిరి

రుద్రసేనుడు చావబోతున్నాడు. క్రాంతి కుర్చీలో కూర్చోలేకపోతున్నాడు.

“కూర్చో నాన్నా. నువ్వు గదంతా తిరిగితే వాడు లేవడు,” అంది ఛాయాదేవి.

వసంత్ కుంజ్‌లో ఆమె ఫ్లాట్. ఆదివారం మధ్యాహ్నం. కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఫ్యాను నీరసంగా తిరుగుతోంది. భోజనాల బల్ల మీద గళ్ల కాగితం. అది రాక్షసుడి గుహ. దాని మీద ఎర్ర గుండీ రుద్రసేనుడు, క్రాంతి ఆడుతున్న యోధుడు. కత్తి వీరుడు సాయి కిరణ్‌ది. వైద్యురాలు ప్రవల్లికది. కథ చెప్పేదీ, రాక్షసుణ్ణి ఆడించేదీ, నియమాలు చూసేదీ ఛాయాదేవి. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి.

ఈ ఆటలో బలం సున్నా అయితే మనిషి వెంటనే చనిపోడు. కింద పడతాడు. తన వంతు వచ్చినప్పుడల్లా అతని పేరున ఇరవై ముఖాల పాచిక పడుతుంది. పదీ, ఆ పైనా పడితే ఊపిరి నిలుస్తుంది. తక్కువైతే చావు వైపు ఒక మెట్టు. మూడు మెట్లయితే అంతే. సరిగ్గా ఇరవై పడితే మాత్రం కళ్లు తెరిచి లేచి నిలబడతాడు. ఈలోగా స్నేహితులెవరైనా చేరుకుని కట్టు కట్టినా బతుకుతాడు.

రుద్రసేనుడికి రెండు మెట్లు అయిపోయాయి.

ఇవి ఆట పుస్తకంలోని నియమాలు. ఛాయాదేవి పెట్టినవి ఇంకో రెండున్నాయి. పడిపోయినవాడి పాచిక ఆమే వేస్తుంది, తన ముందు నిలబెట్టుకున్న అట్ట చాటున. తన చావు పాచికను ఎవరూ కళ్లారా చూడకూడదని. పడిన అంకె మాత్రం పైకి చదువుతుంది. చనిపోయినవాడు కథ ముగిసేదాకా ఈ బల్ల దగ్గరికి రాకూడదు. ఈ కథ ముగిసేది వచ్చే వేసవికి.

“నేను పరిగెత్తుతున్నా ఆంటీ,” అంది ప్రవల్లిక.

“మధ్యలో వాగుంది.”

“అరే యార్! అయితే ఇంకో వంతు పడుతుంది.”

“గప్పుడే చెప్పిన నీకు, దూరం పోవద్దని. ఇన్నవా?” అన్నాడు సాయి కిరణ్.

“చుప్! రాక్షసుడి మీదకి ఒంటరిగా ఉరకమని వాడికెవరు చెప్పారు?”

“ఉరికింది నేను, పడింది నేను. మీరెందుకు కొట్టుకుంటారు?” అన్నాడు క్రాంతి.

అతని ఫోను మోగింది. కిటికీ దగ్గరికి వెళ్లాడు.

“ఆఁ అక్కా... రీడింగ్ రూమ్‌లోనే. తిన్నా. సిలబస్ అయిపోవచ్చిందిలే. ఇక్కడ మాట్లాడకూడదు, పెట్టేస్తున్నా.”

సాయి కిరణ్ పకపకా నవ్వాడు. “రాక్షసుడి గుహల రీడింగ్ రూమ్ ఎప్పుడు తెరిచిండ్రు భాయ్? వచ్చే నెల నీకు సివిల్స్ మెయిన్స్ కదా.”

“తెలుసులేరా. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో, ఆ కోచింగ్ సెంటర్ల మధ్య గదిలో కూర్చుంటే గోడలు మీద పడుతున్నట్టుంటుంది. ఇక్కడికొస్తేనే నాకు గాలాడేది.” క్రాంతి ఛాయాదేవి వైపు తిరిగాడు. “వాడు బతికితే శనివారాలు కూడా వస్తానాంటీ. గుహ త్వరగా అయిపోతుంది.”

“పరీక్ష రాయడం ఇది చివరిసారి కదూ?”

“ఆఁ. ఇంకో ఛాన్సు లేదు. ముందు డైస్ వేయండాంటీ, ప్లీజ్.”

ఛాయాదేవి పాచికను గుప్పిట్లోకి తీసుకుంది. కానీ వేయలేదు.

“ఆంటీ, మీకు వాడంటే ప్రేమని మాకు ఎరుకే,” సాయి కిరణ్ గొంతు తగ్గించాడు. “జర చూసీ చూడనట్టు చదవండి. మేం అడగం.”

“ఆంటీయా? సొంత మేనల్లుడికే అర మార్కు కలపలేదు. ఫెయిల్ చేసేసింది, పతా హై?” అంది ప్రవల్లిక.

“చేశాను. వాడిప్పటికీ నాతో మాట్లాడడు,” అంది ఛాయాదేవి.

పాచిక వదిలింది. అట్ట వెనక అది గలగలా దొర్లి ఆగింది.

ఆమె చూసింది. కళ్లజోడు తీసి, చెంగుతో తుడిచి పెట్టుకుని మళ్లీ చూసింది. తల ఎత్తి క్రాంతిని చూసింది. నిద్రలేని కళ్లు. కూర్చోకుండా బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

“ఎంతాంటీ?”

“మూడు.”

“ఇంకొక్కసారి వేయండాంటీ,” అంది ప్రవల్లిక. “నేను దాదాపు వచ్చేశాను కదా!”

“పడ్డాక పడ్డట్టే.”

క్రాంతి ఎర్ర గుండీని తనే కాగితం మీంచి తీశాడు.

“అయితే వేసవి దాకా నేను రాకూడదన్నమాట.”

“రాకూడదు.”

“ఊరికే చూడ్డానికైనా?”

“చూడ్డానికైనా.”

అతను సంచీ భుజాన వేసుకున్నాడు. ఛాయాదేవి వంటింట్లోకి వెళ్లి, పులిహోర డబ్బా తెచ్చి అందులో పెట్టింది. అతను వద్దనలేదు. థ్యాంక్స్ కూడా చెప్పలేదు. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ, తల ఎత్తకుండానే అడిగాడు.

“ఒక్క అబద్ధం ఆడితే మీకేం పోయేదాంటీ?”

అతను మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది.

సాయి కిరణ్ బాల్కనీలోంచి తొంగిచూశాడు. “బస్సు కోసం ఉరుకుతుండు. వాడి గది దిక్కు పోయే కరోల్ బాగ్‌ది దొరికింది.”

ప్రవల్లిక ముక్కు తుడుచుకుంటూ బల్ల సర్దసాగింది. అట్ట మీద చెయ్యి వేయబోయింది.

“అది ఉండనీ అమ్మా. నేను తీస్తాలే,” అంది ఛాయాదేవి.

వాళ్లిద్దరూ కూడా వెళ్లిపోయాక తలుపు గడియ పెట్టి వచ్చి, ఆమె అట్టను పక్కకు జరిపి, ఇరవై దగ్గర ఆగి ఉన్న పాచికను అరచేతిలోకి తీసుకుంది.