పరారీలో వదిన

“నిన్ను ఈ గిఫ్ట్ సర్కిల్‌లో చేర్పించింది ఎవరు?” అని పోలీసు స్టేషన్లో దరోగా బెంగాలీలో అడిగాడు.

పక్క కుర్చీలో ఉన్న స్వర్ణకుమారి ఆ ప్రశ్నను తెలుగులో చెప్పింది.

గోల్‌బజార్‌లో చేపలమ్మే చిలకమ్మ ఆమె ముఖంలోకి ఒకసారి చూసి తల దించుకుంది. “వదిన,” అంది.

అది అక్షరాలా నిజం. ఖరిదా పేటలో ఈ ఏడుగురు ఆడవాళ్ల చేత తలా ఐదు వందలు ‘కానుక’ పెట్టించిన వదిన స్వర్ణకుమారే. పైనున్న మనిషికి కానుక ఇవ్వాలి, కింద ఇద్దరిని చేర్చాలి, వంతు వచ్చినప్పుడు నాలుగు వేలు అందుకోవాలి. స్వర్ణకుమారి వంతు రెండుసార్లు వచ్చింది. ఈ ఏడుగురి వంతు రాకముందే కొత్తగా చేరేవాళ్లు అయిపోయారు. ఎవరో ఆకాశరామన్న డబ్బు కట్టినవాళ్ల జాబితాను పోలీసులకు పంపాడు. కట్టించిన మనిషి పేరు అందులో లేదు.

“కట్టినవాళ్లు సాక్షులే, భయం లేదు. నడిపిన మనిషికే జైలు,” అన్నాడు దరోగా.

ఆయన ఖరగ్‌పూర్ వచ్చి నెల కాలేదు. ఆడవాళ్లు తమకు బెంగాలీ రాదన్నారని, రైల్వే బుకింగ్ కౌంటర్‌లో పనిచేసే స్వర్ణకుమారిని తర్జుమాకు పిలిపించాడు. కేసు పడితే ఆమెకు ఆ రోజే సస్పెన్షన్. ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన మొగుడు, అందరూ ఆ జీతం మీదే ఉన్నారు.

దరోగా కాగితం మీద రాసుకున్నాడు. బెంగాలీ నోట వకారం నిలవదు, బకారమైపోతుంది.

“పేరు బొదినా. ఇంటిపేరు?”

స్వర్ణకుమారికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆపుకోవడం కష్టమైంది. రోజూ ఇంట్లో బౌదీ వడ్డిస్తే తిని వచ్చే పెద్దమనిషికి, ఆ బౌదీనే తెలుగువాళ్లు వదిన అంటారని తట్టలేదు.

“ఇంటిపేరు తెలియదట సార్.”

“ఎక్కడుంటుందో అడగండి దీదీ.”

స్వర్ణకుమారి చిలకమ్మ వైపు తిరిగింది. “మంచినీళ్లు తాగుతావేటి వదినా?”

దరోగా కలం ఆగింది. “మీరూ బొదినా అన్నారే.”

“అవును సార్. ఆ బొదినా ఎక్కడుందని అడిగాను.”

“వద్దు. దాహం నేదు,” అంది చిలకమ్మ.

“ఊరు విడిచి వెళ్లిపోయిందట,” అని స్వర్ణకుమారి బెంగాలీలో చెప్పింది.

తర్వాత వచ్చిన అప్పలకొండ “వదినే సేర్పించినాది,” అంది. ఆ తర్వాత వచ్చినామె “మా వదిన,” అంది. ఏడుగురిదీ ఒకటే మాట. దరోగా ముఖం వెలిగిపోయింది.

“ఏడుగురు సాక్షులు, ఒకే పేరు. ఇంత గట్టి కేసు నా సర్వీసులో చూడలేదు దీదీ.”

1989 మార్చి తేదీ వేసి, ముద్దాయి బొదినా దేవి పరారీలో ఉందని రాసి, కింద తర్జుమా చేసినట్టు స్వర్ణకుమారి చేత సంతకం పెట్టించుకున్నాడు. టీ కూడా తెప్పించాడు.

టీ తాగి బయటికి వస్తుంటే ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. పదిహేనేళ్లుగా వీళ్లు తనను ఆ వరసతో తప్ప పిలిచి ఎరగరు. అసలు తన పేరు తెలుసో లేదో. ఒట్టి అమాయకులు కాబట్టి బతికిపోయాను అనుకుంది. కొంచెం జాలి కూడా వేసింది.

గేటు దగ్గర సైకిళ్ల పక్కన ఏడుగురూ నిలబడి ఉన్నారు.

“ఇంక ఇళ్లకెళ్లండి వదినా,” అంది స్వర్ణకుమారి నవ్వుతూ. “ఆ దరోగాకి వదినంటే ఏటో కూడా తెల్దు.”

ఎవరూ నవ్వలేదు.

“బెంగాలీ మాకూ వొచ్చు,” అంది చిలకమ్మ నెమ్మదిగా. “దాహం నేదంటే ఊరెల్లిపోయిందని సెప్పినావు.”

స్వర్ణకుమారి నవ్వు ముఖం మీదే ఆగిపోయింది.

“ఆదివారం లోపల మా ఏడుగురి డబ్బులూ మాకిచ్చీ. నేకపోతే సోమవారం పొద్దున్నే వొచ్చి, వదిన పేరు గుర్తొచ్చిందని దరోగాబాబుకి సెప్తాం, స్వర్ణకుమారీ.”