భ్రమరాంబగారి గుల్లల తొట్టి

సముద్రంలో కూరకి గుల్లలు కరువయ్యాక కాకినాడలో ప్రతి బాల్కనీకీ ఒక ఉప్పునీటి తొట్టి వచ్చింది. అపార్టుమెంటులో తొట్లన్నిటికీ ఒకటే గొట్టం. పుట్టిన గుల్లపిల్లలు అందులో ఈదుకుంటూ వెళ్ళి నచ్చిన తొట్లో దిగిపోతాయి. భ్రమరాంబ తొట్లో మాత్రం ఒక్కటీ దిగలేదు. ఈ నెలా దిగకపోతే అపార్టుమెంటు సంఘంవాళ్ళు ఆ తొట్టి ఇంకొకరికి ఇచ్చేస్తారు.

పక్కింటి నూకరత్నం తొంగిచూసింది. "అద్దంలా తోమేశారేంటండీ! బురద లేకపోతే పిల్లలు ఎక్కడ దూరతాయండీ పాపం?"

"మా ఇంట్లో బురదేంటండీ, నలుగురూ చూస్తే?" అంది భ్రమరాంబ.

సాయంత్రానికి అభిమానం చంపుకుని గిన్నె పట్టుకెళ్ళింది. "కాస్త బురద పెట్టండి, తోడుకి."

రత్నం గిన్నె నిండా పెట్టింది. భ్రమరాంబ దాన్ని పైటచాటున ఇంటికి తెచ్చుకుని, తొట్లో వేసేముందు, అలవాటుకొద్దీ మూడు నీళ్ళు పోసి శుభ్రంగా కడిగింది.