ఒక అంతస్తు తక్కువ

పాత బజారు వీధిలో ఖాళీ స్థలం నాలుగు మూలలా వెదురు గడలు పాతారు. పైన చుట్టూ ఎర్ర తాడు కట్టారు.

కట్టబోయే కార్ల పార్కింగ్ ఎంత ఎత్తు వస్తుందో వీధివాళ్లకు చూపించడానికి ఆ తాడు.

"అమ్మో, అంత ఎత్తా!"

"దాని ముందు మా మేడలు పిట్టగూళ్లలా ఉంటాయి."

చెక్క బాల్కనీలు, పెంకుల కప్పులతో తాతల నాటి మేడల వీధి అది. వాటి మధ్య పార్కింగ్ ఒదిగిపోవాలి. లేకపోతే పాత కట్టడాల కమిటీ ఒప్పుకోదు. ఇప్పటికే ఆర్కిటెక్టు గీసిన ప్లాన్లు వెనక్కి వచ్చాయి. ఈసారీ వస్తే పని వేరేవాళ్లకు ఇచ్చేస్తామని ఆఫీసులో చెప్పేశారు.

సొంతంగా ఆమె చేతికి వచ్చిన మొదటి పని.

"కొంచెం దించండి," అందామె పనివాళ్లతో.

తాడు ఒక అంతస్తు దిగింది. చుట్టూ ఉన్న పెంకుల కప్పుల వరసతో కలిసిపోయింది.

"ఆఁ, ఇప్పుడు కంటికి హాయిగా ఉంది," అన్నాడు మూలకొట్టు టైలరు.

"దించకండి."

అందరూ వెనక్కి తిరిగారు. చేతిసంచీతో ఓ పెద్దావిడ.

ఆర్కిటెక్టుకు ప్రాణం ఉసూరుమంది. ప్రతి మీటింగుకూ వస్తుందీవిడ. ఏదో ఒకటి కాదంటుంది. ఆఫీసులో అందరూ 'అడ్డుపుల్ల పిన్నిగారు' అని పేరు కూడా పెట్టేశారు.

"ఎందుకు దించకూడదండీ?"

"అంతస్తు తగ్గిస్తే, అందులో పట్టాల్సిన కార్లు ఎక్కడ పెడతారు?"

"వీధిలోనే. ఇప్పటిలా రెండు పక్కలా కాదులెండి, ఒక పక్కనే."

"ఒక పక్కనా వద్దు. వీధి మొత్తం ఖాళీగా ఉండాలి. కావాలంటే ఇంకో అంతస్తు వేయండి."

"వీధి అందం పోతుంది పిన్నిగారూ!" అన్నాడు టైలరు.

"పోనీ నాయనా."

ఆర్కిటెక్టుకు ఒళ్లు మండింది.

"మీకు కారుందాండీ?"

"లేదమ్మా."

"నడపడం వచ్చా?"

"రాదు."

"మరి కార్ల మీద మీకెందుకండీ ఇంత బెంగ?"

జనం గొల్లుమన్నారు. ఆర్కిటెక్టూ నవ్వింది.

పెద్దావిడ ఏదో అనబోయింది. సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని వెళ్లిపోయింది.

తగ్గించిన ప్లానుకు కమిటీ మారుమాట లేకుండా సంతకం పెట్టింది.

ప్రారంభం రోజు వీధంతా పార్కింగ్ ముందే ఉంది. చెక్క జాలీలు, పెంకుల చూరు.

"అసలు పార్కింగ్‌లానే లేదు. ఈ వీధిలోనే పుట్టి పెరిగినట్టుంది," అన్నారు కమిటీ పెద్దలు.

ఆర్కిటెక్టు మొహం వెలిగిపోయింది. ఎదురుగా గోడవారన కార్లు ఒకదాన్నొకటి ఆనుకుని బారులు తీరి ఉన్నాయి. ఫొటోల్లో అవి పడకుండా ఆమె పక్కకు జరిగి నిలబడింది.

మున్సిపల్ ఛైర్మన్ కత్తెర అందుకోకుండా జనంలోకి చూశాడు.

"ఆవిడ రాలేదా? చేతిసంచీతో వస్తుంటారు, పెద్దావిడ."

"ఆవిడా? ఆవిడకిది మొదటినుంచీ ఇష్టం లేదు సార్," అంది ఆర్కిటెక్టు నవ్వుతూ.

టైలరు గొంతు సవరించుకున్నాడు.

"ఇల్లు ఖాళీ చేసేశారు సార్. పెద్ద రోడ్డు మీద చెల్లెలిగారింట్లో ఉంటున్నారు. ఈ వీధిలో ఇక కంటిమీద కునుకు రాదన్నారు."

"అదేంటి?" అంది ఆర్కిటెక్టు.

"పిన్నిగారి భర్తకు గుండెనొప్పి వచ్చినప్పుడు అంబులెన్సు వీధి మొదట్లోనే ఆగిపోయిందమ్మా. అప్పట్లో కార్లు ఒక పక్కనే పెట్టేవాళ్లం. అయినా దూరలేకపోయింది. మేమంతా తాళాలు వెతుక్కుని కార్లు తీసేలోపే ఆయన పోయారు."

ఆర్కిటెక్టు నవ్వు ఆగిపోయింది.

"నాకావిడ ఒక్క ముక్క కూడా చెప్పలేదే!"

"అంతమంది నవ్వుతుంటే ఏం చెబుతారమ్మా?" టైలరు తల దించుకున్నాడు. "నేనూ నవ్వాను."

ఎవరో కత్తెర ఉన్న పళ్లెం ముందుకు జరిపారు. ఛైర్మన్ దాన్ని ముట్టుకోలేదు.

"రిబ్బన్ ఆవిడ చేతే కత్తిరించాలనుకున్నాను," అన్నాడాయన. "ఈ వీధికి పార్కింగ్ కావాలని ఇన్నేళ్లూ మా ఆఫీసు చుట్టూ తిరిగింది ఆవిడొక్కరేనమ్మా."