కడిగినా పోని తీపి

తనకు తెలియకుండా పాప నోట్లోకి తీపి పోతుందేమోనని. ఆ తల్లికి లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం అదే.

పాపకు ఆరేళ్లు. షుగరు. రోజూ ఇన్సులిన్ సూదులే. ఆ ఇంట్లో పంచదార డబ్బా కూడా ఉండదు.

ఆ సాయంత్రం పాప పెదవులు చప్పరించుకుంటూ మేడ దిగింది.

"ఏం తిన్నావే?"

"ఆకు."

"ఆకేంటి?"

"తియ్యగా ఉందమ్మా! తాత ఇచ్చాడు."

పాప గుప్పిట్లో ఇంకా రెండు ఆకులున్నాయి. తల్లి అవి లాక్కుని ఒక్క ఉదుటున మేడెక్కింది.

పైన ఒంటిగదిలోకి ఈమధ్యే దిగిన పెద్దాయన పాత బకెట్లలోని మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. ఆయనెవరో, ఏం చేస్తాడో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.

"ఆకుల్ని పాకంలో ముంచి పిల్లకు పెడతావా? అసలు మనిషివేనా నువ్వు?"

"పాకం కాదమ్మా. అది స్టీవియా. తీపి మొక్క. ఆకే అంత. షుగరున్న వాళ్లు కూడా..."

"నా చెవిలో పువ్వులు పెట్టకు! ఆకు తియ్యగా ఉంటుందా ఎక్కడైనా?"

"ఒక్కసారి కడిగి చూడు తల్లీ."

"నా బిడ్డ ప్రాణం మీదికి తెచ్చి, నన్ను ఆకులు కడగమంటావా?"

కేకలకు కింది వాటాల వాళ్లంతా పైకొచ్చారు.

"మొదట్నుంచీ మొత్తుకుంటున్నా, ఒంటరి మగాడికి గది ఇవ్వొద్దని!" అంది పక్కవాటా పిన్నిగారు. "వేరేవాళ్లయితే చాక్లెట్లిచ్చి పిల్లల్ని మచ్చిక చేస్తారు. ఈయనగారు ఆకులు మేపుతున్నాడు. మేకపిల్ల అనుకున్నాడేమో!"

కొందరు నవ్వారు. ఇంటి ఓనరు నవ్వలేదు.

"చీకటి పడేలోగా ఖాళీ చేసెయ్యండి," అన్నాడు.

బకెట్లను ఆ తల్లే దగ్గరుండి చెత్తబండిలోకి ఎత్తించింది. మిగిలిన ఒక్క బకెట్టునూ చంకలో పెట్టుకుని పెద్దాయన గేటు దాటాడు.

ఆమె పాప వేలికి సూది గుచ్చి చూసింది. షుగరు పెరగలేదు.

మీటరు పాడైందనుకుంది. కాసేపాగి ఇంకో వేలు గుచ్చింది. పాప ఏడ్చింది. షుగరు పెరగలేదు.

అప్పుడు, లాక్కున్న ఆకుల్లో ఒకదాన్ని కుళాయి కింద కడిగి నమిలింది. తీపి.

రెండోదాన్ని గిన్నె తోమినట్టు తోమి నమిలింది. అదీ తీపే.

పాప రెక్క పట్టుకుని గేటు దగ్గరున్న వాచ్‌మన్ వద్దకు పరుగెత్తింది.

"మేడ మీది ఆయన ఎటు వెళ్లారు?"

"పోనివ్వవే, పీడ విరగడైంది," అంది అక్కడే కూర్చున్న పిన్నిగారు.

"మీరు నోరు ముయ్యండి పిన్నీ! నేను భయంతో అరిచాను. మీరేం పోయేకాలమని నవ్వారు?"

వాచ్‌మన్ నిట్టూర్చాడు. "ఎటని చెప్పనమ్మా? అక్కడ పనీ పోయె, ఇక్కడ గదీ పోయె."

"ఏం పని?"

"మలుపులో మిఠాయి కొట్టు లేదూ? దాంట్లో మిఠాయిలన్నీ ఆయన చేతివే. పంచదార లేకుండా ఒక్క మిఠాయి చేస్తానన్నాడట. వ్యాపారం ముంచుతావా అని యజమాని పొమ్మన్నాడట."

"పంచదార లేకుండా ఎందుకూ?"

వాచ్‌మన్ ఆమె ముఖం వంక చూడలేదు.

"ఎవరో చిన్నపిల్లటమ్మా. బడి నుంచి వస్తూ రోజూ ఆ కొట్టు అద్దానికి ముక్కు ఆనించి నిలబడుతుందట. 'నీకు షుగరే, రా' అని వాళ్లమ్మ ఈడ్చుకుపోతుందట. 'ఆ బిడ్డ తినేది ఒక్కటి చెయ్యలేని చెయ్యి ఎందుకయ్యా నాకు' అనేవాడు."

తల్లి చెయ్యి పాప రెక్క మీంచి దానంతటదే జారిపోయింది.

మీ వీధిలో ఏ ఒంటిగదిలోకైనా, మొక్కున్న బకెట్టుతో ఒక పెద్దాయన కొత్తగా దిగివుంటే, ఒక్కసారి మేడెక్కి, అన్నం తిన్నాడో లేదో చూసి రండి.